జెండా చూసి ఆగే పొట్టి గుర్రాలు

పోయిన ఆదివారం, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న అమ్మాయి తన కూతురి పుట్టినరోజుకు రమ్మని మరీ మరీ పిలిచింది. మోకాళ్ళు వద్దంటున్నా కాదనలేక, ప్రేమ్ బజార్ అవతల కొత్తగా లేచిన ఫంక్షన్ హాలుకు టోటో, అదే బ్యాటరీ ఆటో, మాట్లాడుకుని వెళ్ళాను. గేటు దగ్గరే, చెవులు పగిలిపోయే పాటల పక్కన, నా నడుమెత్తు కూడా లేని ఒక పొట్టి గుర్రం నిలబడి ఉంది. తలకు రంగుల ఈకలు కట్టారు, వీపు మీద తళుకుల గుడ్డ కప్పారు. పట్టుకున్న మనిషి తాడు పైకి గుంజినప్పుడల్లా అది ముందుకాళ్ళెత్తి నిలబడుతోంది, చుట్టూ ఉన్నవాళ్ళు సెల్‌ఫోన్లు ఎత్తుతున్నారు, అది కాళ్ళు దించీ దించకముందే మళ్ళీ తాడు గుంజుతున్నాడు. దాని కళ్ళలోకి చూశాను. వాటిలో భయమూ లేదు, కోపమూ లేదు. పొద్దుటి నుంచి నిలుచునే ఉన్నవాళ్ళకు సాయంత్రానికి వచ్చే చూపు అది, నాకు బాగా తెలిసిన చూపు. కేకు కోసేదాకా కూర్చోలేక, ఒంట్లో బాగాలేదని చెప్పి వచ్చేశాను. ఒంట్లో నిజంగానే బాగాలేదు, కానీ అది ఆ రోజుకు మొదలైనదేమీ కాదు.

నా వయసువాళ్ళు, ఎనభైల చివర్లో ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో ఉన్నవాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే, వాళ్ళకు మా పెరటి గుర్రాలు గుర్తుండే ఉంటాయి. రెండే, రెండూ పొట్టివి. గుర్రప్పిల్లలు అనుకుని, ఇవి పెద్దవయ్యాక ఎక్కడ కడతారని అడిగేవాళ్ళు చాలామంది. అవి అప్పటికే పెద్దవని, ఇంకేమీ పెరగవని చెప్పి చెప్పి మా అమ్మ విసిగిపోయేది. నల్లదాని పేరు డాలీ, ఆడది, చురుకైనది. గోధుమరంగు దాని పేరు బిస్కట్. దానికి సొంత ఆలోచన అంటూ ఉండేది కాదు, డాలీ ఎటు వెళితే అటు వెళ్ళేది.

అవి మా ఇంటికి వచ్చిన తీరు చెప్పాలంటే ముందు మా నాన్న సంగతి చెప్పాలి. నాన్న గూడ్సు బండి డ్రైవరు. శ్రీకాకుళం వైపు నుంచి తాత ఈ బెంగాలీ ఊరికి వచ్చి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో చేరితే, నాన్న ఇంజను ఎక్కాడు. ఇంజను ఎక్కిన మనిషి ఇంట్లో కూడా ఇంజను మీదున్నట్టే ఉంటాడు. గట్టిగా మాట్లాడటం, నిలబడే టీ తాగడం, ఎప్పుడు పిలుపు వస్తుందోనని గుమ్మం వైపు ఒక చెవి. అటువంటి మనిషిని ఆ ఏడాది కంటి పరీక్షలో ఆపేశారు. చూపు బాగానే ఉందిగానీ, దూరాన ఎరుపుకీ పచ్చకీ తేడా పట్టలేకపోతున్నాడని డాక్టరు రాశాడు. బండి నడిపేవాడికి అంతకంటే పెద్ద మాట లేదు. ఇంజను దింపి రన్నింగ్ రూములో వేశారు. వేరే ఊళ్ళ నుంచి బండ్లు తెచ్చిన డ్రైవర్లూ గార్డులూ మళ్ళీ డ్యూటీ దాకా పడుకునే చోటు అది. నిన్నటిదాకా తనతో సమానంగా ఇంజను నడిపినవాళ్ళకు నాన్న దుప్పట్లు అందించాలి, దోమతెరలు కట్టించాలి.

నాన్న ఒప్పుకోలేదు. పరీక్షలో చూపిన దీపాలు మసిపట్టాయని, డాక్టరు తొందరపడ్డాడని, ఆ రోజు తనకు నిద్రలేదని అన్నాడు. మళ్ళీ పరీక్ష చేయమని పైవాళ్ళకు అర్జీ పెట్టుకున్నాడు. సరే చేస్తాం, చలికాలం దాటాక రమ్మన్నారు. ఆ మాట పట్టుకుని మా ఇంట్లో కాలం ఆగిపోయింది. నాన్న మాటలు తగ్గాయి, విసుర్లు పెరిగాయి. అమ్మకు ఆయాసం. నేను అప్పుడే ప్రేమ్ బజార్ దగ్గర ఒక చిన్న ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను. తెల్లారకముందే కుళాయి దగ్గర నీళ్ళు పట్టి, వంట చేసి, సైకిలు తొక్కుకుంటూ బడికి వెళ్ళి, సాయంత్రం ట్యూషన్లు చెప్పి, ఇంటికొచ్చి మళ్ళీ పొయ్యి దగ్గర కూర్చునేదాన్ని. ఇరవై మూడేళ్ళ పిల్లకు ఉండవలసిన అలసట కాదు అది. హిజ్లీ వైపు కాలేజీ హాస్టళ్ళ కుర్రాళ్ళు ఈలలేసుకుంటూ సైకిళ్ళ మీద పోతుంటే, వీళ్ళకూ నాకూ ఒకటే వయసా అని ఆశ్చర్యంగా ఉండేది.

ఆ రోజుల్లోనే మా పక్క క్వార్టరు ఆంగ్లో ఇండియన్ ఆంటీ ఆస్ట్రేలియాలో ఉన్న చెల్లెలి దగ్గరకు వెళ్ళిపోతూ, డాలీనీ బిస్కట్‌నీ మా పెరట్లో వదిలింది. ఏళ్ళ తరబడి క్రిస్మస్ పండక్కి వాటిని చిన్న బండికి కట్టి కాలనీ పిల్లల్ని తిప్పేది. ఎవరికీ అమ్మబుద్ధి కాలేదట. నాన్న ఎందుకు సరేనన్నాడో అప్పుడు నాకు అర్థం కాలేదు. నాకు అర్థమైనదల్లా ఇక నుంచి లద్దె ఎత్తే పని కూడా నాదేనని. అమ్మతో ఆ మాటే అంటే, అమ్మ ఆయాసపడుతూనే అంది: "ఎత్తుదాం లేవే. ఆ మనిసి గోడకేసి సూత్తా కూకోడం కంటే గుర్రాలకేసి సూత్తే నయం."

ఆంటీ వెళ్ళేలోగా నాన్నకు కొంత నేర్పింది. గుర్రానికి ఏదైనా నేర్పాలంటే లాగకూడదని, దానంతట అది చెయ్యాలనిపించేలా చూడాలని, చేసిన మరుక్షణమే తీపి పెట్టాలని, బాగా చేసిన చోటే ఆ పూటకు ఆపేయాలని చెప్పింది. నాన్న తల ఊపాడు గానీ, మొదటి రోజుల్లో అంతా అరుపులే. డాలీ ముందుకాలు ఎత్తాలని ఆయన కేకేస్తే, అది చెవులు వెనక్కి వాల్చి, మెల్లగా తిరిగి, తన వెనక భాగం ఆయనకు చూపించి నిలబడేది. దాని వెనకే బిస్కట్ కూడా తిరిగేది. బండి నడిపినన్నాళ్ళూ ఏ మనిషీ నాన్నకు అలా వీపు తిప్పి ఉండడు. గోడ అవతల ఎవరైనా నవ్వితే నాన్న మొహం కందగడ్డ అయ్యేది.

తర్వాత ఎప్పుడో, ఏ రోజని చెప్పలేను గానీ, ఆ అరుపులు ఆగిపోయాయి. నానబెట్టిన సెనగలు గుప్పిట్లో, బెల్లం ముక్క జేబులో పెట్టుకుని, పెరట్లో, పట్టాల కింద వేసే పాత చెక్క స్లీపరు దిమ్మ మీద ఊరికే కూర్చునేవాడు. డాలీయే దగ్గరకొచ్చి జేబు వాసన చూసేది. మోకాలి వెనక వేలితో తడితే కాలు కొద్దిగా కదిపేది, కదిపిన వెంటనే నాలుకతో టక్కుమని చప్పుడు చేసి సెనగలు పెట్టేవాడు. అలా కదిపి కదిపి, కొన్ని వారాలకు తట్టకుండానే, నాన్న చెయ్యి చాపితే చాలు, డెక్క ఆయన అరచేతిలో పెట్టడం నేర్చుకుంది. దండం పెట్టడం కూడా అలాగే వచ్చింది. బెల్లం ముక్కను దాని ముందుకాళ్ళ మధ్యకు పోనిస్తే, ముక్కు దానివెంట వంగి వంగి, ఒక కాలు ముందుకు చాచి, తల నేలకు ఆనించేది. స్లీపరు మీద ముందుకాళ్ళు పెట్టి ఎత్తుగా నిలబడటం మాత్రం బిస్కటే ముందు నేర్చుకుంది. దానికి ఎక్కడం ఇష్టం, దిగడానికే బద్ధకం. నేను బడి నుంచి వచ్చేసరికి అది చాలాసార్లు అలా స్లీపరు మీద కాళ్ళు పెట్టుకుని, ఎవరూ అడక్కుండానే, దిక్కులు చూస్తూ ఉండేది. ఎంత అలసిపోయి వచ్చినా దాన్ని చూస్తే నవ్వు వచ్చేది.

ఇవన్నీ అయ్యాక నాన్న జెండాలు తీశాడు. పాత ఎర్ర జెండా, పాత పచ్చ జెండా. పచ్చది పక్కలకు ఊపితే గుర్రాలు బయలుదేరాలి. ఎర్రది తలమీదికెత్తి కదలకుండా పడితే, ఉన్నచోట ఆగిపోవాలి. డాలీ ఇంజను, వెనక బిస్కట్ గార్డు పెట్టె అన్నమాట. మొదట్లో జెండాలు నేను పట్టుకునేదాన్ని, నాన్న డాలీ తలతాడు పట్టుకుని నడిపించి, ఆపి, బెల్లం పెట్టేవాడు. నాకు కాళ్ళు పీకుతుంటే, చేతులు పడిపోతుంటే, ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అనేవాడు. ఆ విద్య రైల్వేవాళ్ళు తప్ప ఇంకెవరూ గుర్రాలకు నేర్పరు. చూడటానికి కాలనీ అంతా గోడ మీద మోచేతులు ఆనించి నిలబడేది.

గుర్రాలకు వచ్చేసిందని అనుకున్నాక జెండాలు నాన్న తీసుకున్నాడు. ఒక సాయంత్రం, వెలుతురు ఇంకా బాగానే ఉంది, గోడ దగ్గరకు ఇంకా ఎవరూ చేరలేదు, నేను గుమ్మంలో బియ్యం ఏరుతూ చూస్తున్నాను. నాన్న ఎర్ర జెండాను పక్కలకు ఊపాడు. డాలీ బయలుదేరింది. పచ్చ జెండాను తలమీదికెత్తాడు. డాలీ ఆగింది, వెనక బిస్కట్ ఆగింది. నాన్న మొహంలో అంత సంతోషం నేను ఏడాదిగా చూడలేదు. ఆ గుర్రాలు రంగు చూడటం లేదు, నాన్న చెయ్యి ఊగుతోందా నిలిచిందా అని చూస్తున్నాయి, అంతే. తాను ఎత్తింది ఏ రంగో నాన్నకూ తెలియడం లేదు.

చాట అక్కడే పెట్టి వంటింట్లోకి వెళ్ళాను. చెప్పబోయేలోగా అమ్మే అంది: "తెల్సు. సానా దినాల్నుంచి తెల్సు. మిరపకాయల్లో పండువి ఏరమంటే పచ్చివి తెచ్చి పెడతాడు. నువ్వేటీ సెప్పకు."

ఆ రాత్రి ఇద్దరం అన్నం తినలేదు. నాన్న ఈ గుర్రాలకు జెండాలు ఎందుకు నేర్పుతున్నాడో అప్పటికి నాకు తెలిసింది. అవి ఒక వంక. పొద్దూ మాపూ ఆ రెండు రంగుల్నీ చూసి చూసి, తన కళ్ళకే మళ్ళీ నేర్పుకుంటున్నాడు. చలికాలం దాటాక పరీక్ష ఉంది. పరీక్షలో తప్పితే మనిషి ఏమైపోతాడో అన్నది ఒక భయం. ఏ అదృష్టం బాగుండో, గురి కుదిరో నెగ్గేస్తే, మళ్ళీ ఇంజను ఎక్కుతాడు, ఎదురుగా సిగ్నలు దీపం ఉంటుంది. ఆ రెండో భయం గురించి అమ్మా నేనూ నోరు విప్పి మాట్లాడుకోలేదు. విజిలు వినబడినప్పుడల్లా ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం.

మర్నాడు అమ్మ ఎర్ర జెండా కర్రకు, చేత్తో పట్టుకునే చోట, నల్లదారం గట్టిగా చుట్టి ముడి వేసింది. కర్ర పగిలిందని చెప్పింది. ఆ సాయంత్రం జెండాలు తీసుకున్నప్పుడు నాన్న బొటనవేలు కర్ర మీద కాసేపు ఆగడం చూశాను. ఆ రోజు నుంచి తప్పు జరగలేదు.

చలికాలంలో రైల్వే ఇన్‌స్టిట్యూట్ మైదానంలో మేళా పెట్టేవారు. ఆ ఏడు నాన్న గుర్రాల ఆట ఉంటుందని ముందే అందరికీ తెలిసిపోయింది. ఆ మేళా పనులు చూసే బెంగాలీ ఆయన ఒకప్పుడు నాన్న దగ్గర ఇంజనులో అసిస్టెంటు, తర్వాత తనే డ్రైవరయ్యాడు. బాబాయి అన్నట్టు, మేము బెంగాలీలో కాకు అని పిలిచేవాళ్ళం. నాన్నంటే ఆయనకు ప్రాణం. నాన్న పాత యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని వేసుకున్నాడు. నాన్నతో పనిచేసినవాళ్ళంతా పెళ్ళాం పిల్లలతో వచ్చి ఆటకోసం కట్టిన తాడు చుట్టూ నిలబడ్డారు.

డాలీ దండం పెట్టింది. ముందు వరసలోని ముసలాయనకు కాలందించింది. బిస్కట్ స్లీపరెక్కి, ఎంతకీ దిగకపోతే జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వారు, అదంతా ఆటలో భాగమనుకున్నారు. ఇక జెండాల వంతు. ఇంతలో కాకు పరిగెత్తుకుంటూ వచ్చి, ఇంత గొప్ప ఆటకు ఆ వెలిసిపోయిన గుడ్డలేమిటి దాదా అని, పాతవి తీసేసుకుని, కొత్త జెండాలు రెండు నాన్న చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. నేను మైదానం అవతలి కొసన గుర్రాల దగ్గర ఉన్నాను. నాన్న బొటనవేళ్ళు రెండు కర్రల మీదా పైకీ కిందికీ తడుముకోవడం అక్కడి నుంచే కనబడింది. కొత్త కర్రలు, రెండూ నున్నగా ఉన్నాయి.

గుర్రాలు చెవులు నిక్కించి ఆయన చేతివైపే చూస్తున్నాయి. ఏ జెండా ఊపినా అవి బయలుదేరతాయి, ఆ సంగతి నాకు తెలుసు. కానీ చుట్టూ ఉన్నదంతా రైలువాళ్ళు. ఎర్ర జెండా ఊపి బండిని పొమ్మంటే, ఆ నవ్వు నాన్నను బతకనివ్వదు. ఏదో ఒకటి ఎంచుకుంటే సగం అదృష్టం ఉంది. నాన్న ఎంచుకోబోతున్నాడనే అనుకున్నాను. జనం గొడవ తగ్గింది. నాన్న రెండు చేతులూ దించి, మైదానమంతా వినబడేలా, ఇంజను మీద నుంచి పిలిచినట్టు నన్ను పిలిచాడు.

"ఒలమ్మా! ఈ రెండిటిల ఎర్రదేదో నాకు తెలవడం లేదు. నువ్వు సెప్పు."

నేను గుర్రాల పక్క నుంచి రెండడుగులు ముందుకు వేశాను. తెలుగు తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు చెవుల్లో చెబుతున్నారు. నాన్న ఆగి, ఈసారి హిందీలో, అందరికీ వినబడేలా చెప్పాడు. డాక్టరు సాబ్ సరిగ్గానే చూశాడు, నా కళ్ళే ఠీక్ లేవు, మా అమ్మాయి చెబుతుంది, అన్నాడు. అప్పుడు నేను అరిచాను: "కుడిచేతిది నాన్నా! కుడిచేతిది ఎర్రది!"

నాన్న ఎడమచెయ్యి పక్కలకు ఊపాడు. డాలీ బయలుదేరింది, వెనక బిస్కట్, ఎప్పుడూ లేనంత తిన్నగా మైదానం అంచు వెంబడి వచ్చాయి. కుడిచెయ్యి తలమీదికెత్తాడు. రెండూ ఆయన ముందు ఆగాయి. తాడు చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. కాకు వచ్చి నాన్న మోచెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. డాలీ మాత్రం యూనిఫాం జేబులో ముక్కు పెట్టి బెల్లం వెతుక్కుంటోంది.

ఇంటికొచ్చాక అమ్మ వేడినీళ్ళు పెట్టింది. నాన్న పాదాలు నీళ్ళలో పెట్టుకుని, "దారం కట్టిన్నాడే తెల్సినాదే నాకు," అన్నాడు. అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. పరీక్ష రోజు వచ్చింది. నాన్న ఆ పొద్దున్న కూడా సెనగలు నానబెట్టి, గుర్రాలకు నీళ్ళు పెట్టి, రన్నింగ్ రూముకు డ్యూటీకి వెళ్ళాడు. పరీక్షకు వెళ్ళలేదు. నేను ఆ రోజు బడి మానేసి సాయంత్రం దాకా నిద్రపోయాను. ఏడాదిపాటు మోసిన బరువు దిగితే తేలిగ్గా ఉంటుందనుకున్నాను, కానీ ఒళ్ళంతా ఒక్కసారిగా నొప్పి తెలిసింది.

పదవీ విరమణ దాకా నాన్న ఆ రన్నింగ్ రూములోనే పనిచేశాడు. అలసి వచ్చినవాళ్ళకు ఏ మంచం మీద గాలి బాగా వస్తుందో, ఎవరికి దుప్పటి రెండు కావాలో చూసుకునేవాడు. ఆ పనిని ప్రేమించాడని చెప్పను, దానితో కొట్లాడటం మాత్రం మానేశాడు. తొంభైల మధ్యలో ఒక వానాకాలం డాలీ పోయింది. బిస్కట్‌కు ఎవరి వెనక నడవాలో తెలియక, పెరట్లో ఒకే చోట నిలబడిపోయేది. నాన్న దాని ముందు నడిచేవాడు, ఆయన వెనక అది నడిచేది. అలా ఇద్దరూ పెరడంతా మెల్లగా తిరిగి వచ్చేవాళ్ళు. మరుసటి ఏడు బిస్కట్ పోయింది. తర్వాత అమ్మ, ఆ తర్వాత నాన్న. నేను ఆ బడిలోనే, ఆ సైకిలు మీదే, తల నెరిసేదాకా తిరిగాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళు కూడా ఇప్పుడు లేరు.

ఇప్పుడు ట్రాఫిక్ కాలనీలో మా క్వార్టరున్న వరసలో సగం ఇళ్ళకు తలుపులు లేవు, పెరళ్ళలో తుప్పలు లేచాయి. తెలుగు మాట ఇంకా వినబడుతుందిగానీ, పలకరించి నిలబడేవాళ్ళు తక్కువ. అందరూ ఎక్కడికో పోతూ ఉంటారు. మారిందని నేను బాధపడేది ఇళ్ళ గురించి కాదు. ఒక గుర్రం కాలెత్తడం కోసం ఒక మనిషి వారాల తరబడి స్లీపరు మీద కూర్చుని ఎదురుచూడటానికి ఆ రోజుల్లో చోటుండేది. తనవల్ల కావడం లేదని ఒక మనిషి ఊరందరి ముందూ చెబితే, మర్నాడు అదే ఊరు ఆయనకు ఎప్పటిలాగే నమస్కారం పెట్టేది. ఇప్పుడు నా వయసువాళ్ళం కలిస్తే, బాగున్నానంటే బాగున్నానని చెప్పుకుని విడిపోతాం. ఆదివారం ఆ హాలులోనూ అంతే చేశాను. ఆ అమ్మాయి గేటు దాకా వచ్చి, ఏమైంది టీచరుగారూ అని అడిగింది. అలసిపోయానమ్మా, చాలా ఏళ్ళుగా అలసిపోయాను అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. లోపల ఆమెను పిలుస్తున్నారు. ఏమీ లేదమ్మా, వెళ్ళు, వెళ్ళు, కేకు కొయ్యాలి కదా అని పంపించేసి, టోటో కోసం రోడ్డు పక్కన నిలబడ్డాను.